ఎనభై ఎడమ చేతులు

సుద్దముక్క మూడోసారి కిందపడింది. మాస్టరు వంగి తీసుకున్నాడు. వంగేటప్పుడు ఒక చేత్తో, లేచేటప్పుడు రెండు చేతులతో బల్ల అంచు పట్టుకోవాల్సి వచ్చింది. కుట్టుమిషన్ల వైపు నుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"పొద్దున్నే చుక్క పడినట్టుంది," అన్నాడు కాలర్లు కుట్టేవాడు.

మాస్టరుకు బదులివ్వాలనే ఉంది. కానీ ఒక మాట చెవిన పడి, అర్థమై, దానికి బదులు దొరికేలోగా అన్నవాడు ఇంకో సంగతి ఎత్తుకుంటున్నాడు. రెండేళ్ళ కింద మాస్టరు నోటికి జడిసి కాలర్లవాడు తన మిషను గోడ పక్కకు జరుపుకున్నాడు. ఇప్పుడు ఆ వెధవే మళ్ళీ బల్ల దగ్గరకు తెచ్చుకున్నాడు.

ఇరవై మూడేళ్ళుగా ఆ షాపులో గుడ్డ కత్తిరించేది మాస్టరే. నడుమెత్తు బల్ల, అతను ఆనుకునే చోట అంచు అరిగి నున్నబడింది. మెడలో టేపు. కుడి బొటనవేలి మీద కత్తెర రాపిడికి కాచిన కాయ. యాభై దాటిన సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. చీలమండల నుంచి కిందికి మాత్రం పాదాలు అతనివి కానట్టే ఉంటాయి. సాయంత్రానికి నిప్పులు పోసినట్టు మండుతాయి. మిగతా వేళ నేల మీద ఉన్నాయో గాల్లో ఉన్నాయో తెలియదు. చెప్పు ఊడిపోయినా తెలియక రెండుసార్లు వీధిలో ఒంటికాలి చెప్పుతో నడిచొచ్చాడు. అప్పుడు అక్క ఆ రబ్బరు చెప్పులకు వెనక సాగే పట్టీ కుట్టింది.

"పసిపిల్లలకు కుట్టినట్టు ఏంటక్కా ఇది?"

"నడక పసిపిల్లాడిదేగా! నోర్మూసుకుని వేసుకో," అంది అక్క.

అక్క ఒక్కతే అతనికి మిగిలింది. పొద్దున్నే మాత్ర మింగించి, నోరు తెరిపించి చూసి, చొక్కా జేబులో చీటీ పెడుతుంది. ఇవాళ్టి చీటీలో మూడు ముక్కలున్నాయి: మాత్ర వేసుకున్నావు. మధ్యాహ్నం తిను. పాదాలు చూసుకో. ఆ మూడోది డాక్టరమ్మ ఆజ్ఞ. తెలియని కాలికి దెబ్బ తగిలితే కంటితో చూసుకోవడం తప్ప దారి లేదట.

అతని ఒంట్లో ఉన్నది హెచ్ఐవి. ఎలా వచ్చిందని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. వచ్చింది, అంతే. ఒంట్లో ఉందని తెలియకుండానే చాలా ఏళ్ళు గడిచాయి, తెలిశాక భయంతో ఇంకో రెండేళ్ళు ఆసుపత్రి గడప తొక్కలేదు. అది రక్తంలోనే ఉంటుందనుకున్నాడు అతను. "మొదట్లోనే మెదడులోకీ వెళ్ళి కూర్చుంటుందండీ," అంది డాక్టరమ్మ. "మందుతో రక్తంలో అణిగింది, మంచిదే. కానీ మందు మొదలుపెట్టకముందు మెదడుకీ నరాలకీ జరిగిన నష్టం కొంత ఉండిపోయింది. ఆలోచన నెమ్మదిస్తుంది, మతిమరుపు వస్తుంది, వేళ్ళు మాట వినవు, పాదాలు మొద్దుబారతాయి. ఇది పిచ్చి కాదు, మీ తప్పూ కాదు."

తప్పు కాదని షాపులో ఎవరికి చెబుతాడు? ఆరేళ్ళ కింద ఇక్కడ ఇస్త్రీ చేసే మనిషికి ఇదే ఉందని బయటపడింది. ఆ పూటే అతని టీ గ్లాసు వీధిలోకి విసిరారు. స్టూలు తగలబెట్టారు. ఇస్త్రీపెట్టెను ఫినాయిలు పోసి కడిగారు, అంత తెలివి! పక్కన కూర్చుంటే అంటుకోదని డాక్టర్లు గొంతు చించుకున్నా వినే చెవి లేదు. అదంతా ముందుండి చేయించినవాడు ఇప్పటి ఓనరు, పాత ఓనరు కొడుకు. ఆ రోజు మాస్టరు టేపు చుట్టుకుంటూ ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం అతనికి ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

అందుకే నడక తూలినప్పుడు, మాట తడబడినప్పుడు, వీళ్ళు తాగుబోతు అన్నప్పుడు కాదనలేదు. పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టని మనిషి. తాగుబోతుకైతే కనీసం టీ గ్లాసు మిగులుతుంది.

"అసలు సంగతి చెప్పేస్తే పీడా పోతుంది కదరా," అంది అక్క ఒకసారి.

"పీడ పోదక్కా, బల్ల పోతుంది."

బల్ల పోతే తనేమిటో అతనికి తెలియదు. భయమంతా అదే.

పదింటికి గుండీలు కుట్టే ఆవిడ చేతిలోంచి గుండుసూదుల డబ్బా జారింది. సూదులు బండల మీద చెల్లాచెదురయ్యాయి. ఆవిడ మోకాళ్ళ మీద పాకుతూ అయస్కాంతంతో ఏరుకుంది. "మాస్టారూ, కాళ్ళ కింద చూసుకోండి. ఒకటి దొరకలేదు," అంది. షాపులో ఇంకా గౌరవంగా 'మాస్టారూ' అని పిలిచేది ఆవిడొక్కతే. మాస్టరు తలూపాడు. చీటీ గుర్తొచ్చింది, పాదం ఎత్తి చూడాలనుకున్నాడు. ఒంటికాలి మీద నిలబడితే పడిపోతాడు. ఈలోపు గుడ్డ తాను వచ్చింది.

కావలివాళ్ళ కోట్లు, నలభై. నీలం గుడ్డ, ఒకవైపు మెరుపు, వెనకవైపు ముతక. ఇలాంటి గుడ్డను మెరుపుకు మెరుపు ఎదురుగా జతలుజతలుగా పరవాలి. అప్పుడే ఒక్క కోతకు కోటు కుడి చెయ్యి, ఎడమ చెయ్యి రెండూ వస్తాయి. నేర్చుకునే మొదటి వారంలోనే నేర్పే పాఠం. మాస్టరు శ్రద్ధగా పరిచాడు. ముడత లేకుండా నిమిరాడు, అంచులు కలిపాడు, సుద్దతో గీశాడు. వేళ్ళు వణికిన చోట చెరిపి మళ్ళీ గీశాడు. సంక వంపు దగ్గర కత్తెర ఆగకుండా నడిచింది. అబ్బ, చాలా రోజులకు చెయ్యి మాట విందని సంతోషం వేసింది. భోజనం డబ్బా విప్పి పూర్తిగా తిన్నాడు కూడా.

మూడింటికి కాలర్లవాడు చేతులు కోటుకు తగిలించబోయి, ఒకటి తీసి, రెండోది తీసి, కట్టంతా విప్పాడు. "ఓనరుగారూ!" అని అరిచాడు. గొంతులో పండగ వినిపించింది.

ఓనరు వచ్చి చూశాడు. ఎనభై చేతులు. ఎనభయ్యీ ఎడమవే. పొరలన్నీ మెరుపు పైకే పరిచాడు మాస్టరు.

"ఏమయ్యా, కావలివాళ్ళకు రెండు చేతులూ ఒకే పక్కనుంటాయా?"

మిషన్లు ఆగాయి. మాస్టరు ఒక చెయ్యి తీసుకుని తిప్పి చూశాడు. ఇంకొకటి. తప్పు కనబడుతూనే ఉంది, ఎప్పుడు చేశాడో మాత్రం తలలో ఎక్కడా లేదు.

"సూటిగా అడుగుతున్నా," అన్నాడు ఓనరు. "తాగొచ్చావా, ఒంట్లో రోగమా? రోగమైతే డాక్టరు కాయితం పట్టుకురా. నాన్ననాటి మనిషివి, కూర్చోబెట్టి చూస్తా. తాగుడైతే ఇప్పుడే వెళ్ళిపో."

కాయితం ఇంట్లో ఉంది. మొదటి వరసలోనే రోగం పేరుంది. ఓనరు నిజంగానే చూస్తాడేమో. మాస్టరు ఆ ముఖంలోకి చూశాడు. వీధిలో పగిలిన గ్లాసు గుర్తొచ్చింది. ఉదయమేం తిన్నాడో గుర్తులేని తలకు అది మాత్రం పెంకుపెంకూ గుర్తుంది. ఈసారి బదులు వెతుక్కోనక్కర్లేకపోయింది.

"తాగాను," అన్నాడు.

"ఛీ! వయసొచ్చింది, సిగ్గు రాలేదు."

గుండీలావిడ తలెత్తి చూసింది. రోజూ అతనికి టీ అందించేది ఆవిడే. ఏనాడూ తాగిన వాసన రాలేదు. ఏదో అనబోయి, ఓనరును చూసి దారం కొరికింది.

మాస్టరు టేపు తీసి మేకుకు తగిలించాడు. కత్తెరను గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టి, సొరుగు మూశాడు. బల్ల అంచు వదిలేటప్పుడు తూలాడు. ఎవరో నవ్వారు. పాదాలు అవసరానికి మించి ఎత్తెత్తి వేస్తూ గుమ్మం దాటాడు. వెనక్కి తిరగలేదు. మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి.

సాయంత్రం గుండీలావిడ కత్తిరింపు ముక్కలు ఊడుస్తుంటే బల్ల కింద చీపురుకు ఏదో అడ్డుపడింది. రబ్బరు చెప్పు, కుడికాలిది. వెనక పట్టీ ఒకవైపు తెగి వేలాడుతోంది. అతను దీన్ని ఇక్కడే వదిలి వీధిలోకి వెళ్ళాడని తెలిసి ఆవిడ గబగబా గుమ్మం దాకా పరిగెత్తింది. వీధిలో అతను లేడు.

వెలుతురులో చెప్పు తిప్పి చూసి ఆవిడ అక్కడే కూలబడింది.

"ఎంత తాగినోడైనా, గుచ్చుకుంటే అబ్బా అంటాడు కదా?" అంది కాలర్లవాడితో. వాడు మిషను ఆపలేదు.

పొద్దుట దొరకని గుండుసూది మడమ ఆనేచోట అట్టను చీల్చుకుని మొన పైకి నిలబడి ఉంది, దాని చుట్టూ ఎండిన రక్తపు చుక్క, వెనక అక్క రెండుసార్లు బిగించి కుట్టిన పట్టీ.