బాగా వినిపించిందక్కా

అతన్ని అక్క చెవులపిల్లి అనేది. చిన్నప్పుడు కుళాయి చుక్కలు కారినా, పక్కవాటాలో కుర్చీ జరిపినా పుస్తకం మూసేసి చెవుల్లో వేళ్ళు పెట్టుకునేవాడు మరి. బట్టల మిల్లులో పనిచేసే అక్కదేమో మిల్లు గొంతు. మగ్గాల హోరులో ఈ చివర నిలబడి ఆ చివర మనిషికి దారం తెగిందని చెప్పాలంటే నోరు ఎంత పెద్దది కావాలో మీరే ఊహించుకోండి. ఇంటికొచ్చినా అది తగ్గేది కాదు. "ఒరేయ్ చెవులపిల్లీ, నీ ప్రాణానికి నాకంటే పెద్ద గోల ఇంకోటి లేదురా" అని విరగబడి నవ్వేది. అమ్మా నాన్నా లేని ఇంట్లో ఆ గొంతే అతన్ని నిద్రలేపింది, బడికి తోలింది, చివరికి ఇంజినీర్ని చేసింది.

పెద్దయ్యాక చెవులపిల్లి ఎంచుకున్న ఉద్యోగం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఫోన్లు తయారుచేసే కంపెనీలో గోలని తీసేయడమే అతని పని. మనం నడిరోడ్డు మీద నిలబడి మాట్లాడినా అవతలివాళ్ళకి బస్సుల మోత కాకుండా మన గొంతే వినిపిస్తోందంటే, దాని వెనక ఇలాంటివాడెవడో జుట్టు పీక్కుని ఉంటాడు. ఏది మాటో, ఏది గోలో ఫోనుకి తెలియదు, నేర్పాలి. అదీ రెప్పపాటులో తేల్చుకోవాలి. ఆలస్యమైతే మాట వెనకబడుతుంది, ఎక్కువ లెక్కలు కడితే బ్యాటరీ దిగిపోతుంది. అందుకని అతనో సూత్రం పట్టుకున్నాడు. మనిషి మాట హెచ్చుతుంది, తగ్గుతుంది, ఆగుతుంది. ఒకే శ్రుతిలో ఏకధాటిగా వచ్చేది గోల. ఫ్యానూ, మిక్సీ, నీళ్ళ మోటారూ, గడ్డం గీసుకునే మిషనూ అన్నిటినీ ఆఫీసులో బయటి చప్పుడు చొరబడకుండా మెత్తలు కొట్టిన గదిలో రోజుల తరబడి మోగించి, ఇవన్నీ గోలే సుమా అని ఫోనుకి నూరిపోశాడు.

మరి మాటో గోలో తేలని దాన్ని ఏం చేయాలి? ఉంచితే గోల మిగులుతుంది, తీస్తే ఒక్కోసారి మాట తెగుతుంది. మీటింగులో దీనిమీద పెద్ద రభసే జరిగింది. "అనుమానం వస్తే తీసెయ్యడమే" అని బల్ల గుద్ది గెలిచింది మన చెవులపిల్లే. ఆ మోడల్ బయటికి రాగానే మొదటి ఫోను అక్క చేతిలో పెట్టాడు. "ఇంక నువ్వు మిల్లులోంచి మాట్లాడినా నీ గొంతొక్కటే వినిపిస్తుంది" అన్నాడు గొప్పగా.

ఆ గొంతుకే జబ్బు చేసింది. డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేశారు. అతను వెళ్ళి చూసేసరికి అక్క మెడకి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. పలక అందుకుని, "ఇప్పుడు హాయిగా ఉందా, గోల లేకుండా?" అని రాసి చూపించింది. అతను నవ్వినట్టే నవ్వి, బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆఫీసులో పని ఉందని మర్నాడే తిరుగు రైలెక్కాడు. కొన్నాళ్ళకి బావ ఫోన్ చేసి, మెడకి ఆనించుకుని మాట్లాడే మిషనేదో ఇచ్చారనీ, మీ అక్క సాధన చేస్తోందనీ చెప్పాడు.

ఆ తర్వాత అక్క దగ్గర్నుంచే ఫోనొచ్చింది. "అక్కా? అక్కా?" అన్నాడు. అవతల చీమ చిటుక్కుమనలేదు. పాపం, పెదవులు కదుపుతోంది గానీ మాట పెగలడం లేదనుకున్నాడు. "శ్రమపడకక్కా, తీరిగ్గా మెసేజ్ పెట్టు" అని ఫోను పెట్టేశాడు. రెండు మూడుసార్లు ఇదే తంతు. అక్కకి రాయడమంటే చిరాకు, పైగా మొండిది. మాటనే రికార్డు చేసి మెసేజ్‌గా పంపడం మొదలుపెట్టింది. అవీ బొత్తిగా ఖాళీ. గోల తీసేవాడికే సంగతి తట్టలేదా అంటారేమో, తట్టలేదు. జాలి పడుతున్నవాడికి బుర్ర పనిచేయదు. నీ గొంతు రావడం లేదక్కా అని తన చేత్తో ఎలా రాస్తాడు? అందుకే "బాగా వినిపించిందక్కా. నువ్వు చెప్పింది సబబే" అని రాశాడు. వెంటనే ఓ నవ్వు బొమ్మ వచ్చింది. మంచి పని చేశాననుకుని ఆ పూట తృప్తిగా అన్నం తిన్నాడు.

కొన్నాళ్ళకి బావ మళ్ళీ ఫోన్ చేశాడు. జబ్బు తిరగబెట్టిందట. "మిగతా సంగతులు మీ అక్కే నీతో చెబుతుందట" అన్నాడు. ఆ రోజే అక్క పంపిన మెసేజ్ చాలా పెద్దది. చివరిదాకా విన్నాడు. ఏమీ లేదు. ధైర్యంగానే ఉన్నానని చెప్పి ఉంటుందిలే అనుకుని, ఎప్పట్లాగే జవాబు రాశాడు. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ కాలం గడిపాడు. పని ఒక సాకు. మాటలేని అక్కని చూడటం అతనివల్ల కాలేదు. ఈ రేపూ మాపూ అయ్యేలోపే అక్క పోయింది.

అన్నీ అయిపోయాక ఓ మధ్యాహ్నం బావ అతని ఆఫీసుకి వచ్చాడు. స్కూలు బస్సు డ్రైవరు. అక్క మాట్లాడుతుంటే తలూపడమే తప్ప ఎక్కువ మాట్లాడే మనిషి కాడు. బల్ల మీద అక్క ఫోను పెట్టాడు.

"ఇది కాస్త చూడు. మీ అక్క నీకు పంపిన మెసేజ్‌లు ఇందులో ఉన్నాయి గానీ మోగట్లేదు. స్పీకర్ పోయినట్టుంది."

"స్పీకర్ పోలేదు బావా. అక్కకి అప్పటికి మాట రావట్లేదు కదా."

"రాకపోవడమేంటి?" బావ తెల్లబోయాడు. "మామూలు గొంతులా ఉండదు గానీ, ప్రతి ముక్కా తెలిసేది. బయటివాళ్ళతో మాట్లాడాలంటే సిగ్గుపడేది. నీతో మాత్రం ఈ ఫోన్లోనే మాట్లాడతానని పట్టుబట్టేది, మా తమ్ముడు చేసిన ఫోనని."

సంచిలోంచి చిన్న టార్చిలైటంత మిషన్ తీసి మీట నొక్కాడు. జుయ్యిమంది. ఒకే శ్రుతిలో, ఏకధాటిగా. గడ్డం గీసుకునే మిషన్‌కి అది అచ్చంగా తోబుట్టువు.

చెవులపిల్లి ఆ మిషన్నీ ఫోన్నీ పట్టుకుని మెత్తల గదిలోకి పరిగెత్తాడు. మిషన్‌ని మెడకి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, "అక్కా" అని పెదవులతోనే అన్నాడు. అక్కా అని గదిలో స్పష్టంగా వినిపించింది. ఫోన్లో ఎక్కిందేమిటో విన్నాడు. ఏమీ లేదు. మళ్ళీ అన్నాడు, మళ్ళీ విన్నాడు. తీసేసిన గోల ఎక్కడైనా దాచి ఉంటుందేమోనని వెతకాల్సిన పని కూడా లేదు. చోటు దండగ, దాచొద్దని చెప్పింది అతనే.

తిరిగొచ్చేసరికి బావ ఆశగా లేచి నిలబడ్డాడు. "బాగయిందా?"

"లేదు బావా."

"పోనీలే, నీకు గుర్తున్నదే చెప్పు. రెండో ఆపరేషన్ చేయించుకుంటే ఆశ ఉందన్నాడు డాక్టరు. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. తమ్ముడికి చెప్పి తేల్చుకుంటానని నన్ను బయటికి పంపి తలుపేసుకుంది. చాలాసేపు మాట్లాడింది. తలుపు ఇవతల నాకు జుయ్యిమనే చప్పుడే తప్ప మాట తెలియలేదు. తర్వాత నీ జవాబు చూపించి, చూశారా, వాడూ సబబే అన్నాడు అంది. మర్నాడు డాక్టరుకి వద్దని చెప్పేసింది. నీమీద నాకేం కోపం లేదు. నువ్వు విని సరే అన్నావంటే ఏదో కారణం ఉండే ఉంటుంది. ఎందుకు వద్దంది? అదొక్కటి తెలిస్తే నాకు కంటిమీద కునుకు పడుతుంది."

నొప్పి భరించలేనంది బావా అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా, ఎప్పట్లాగే ఎదుటివాళ్ళ మంచి కోసం. మింగేశాడు.

"నాకు వినపడలేదు బావా."

"ఏది?"

"ఏదీ. ఒక్క ముక్క కూడా. ఈ ఫోను అక్క మాటని గోల అనుకుని తీసేసింది. అలా తీసెయ్యమని దానికి నేర్పింది నేనే."

బావకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్లో ఆ మెసేజ్ వెతికి, అక్షరాల కింద వేలు పెట్టి పైకి చదివాడు.

"బాగా వినిపించిందక్కా. నువ్వు చెప్పింది సబబే." తలెత్తాడు. "మరి ఇదెవరు రాశారు?"

"నేనే బావా."

"ఏం విని రాశావు?"

చెవులపిల్లి మిషన్ని బావ ముందు పెట్టాడు. బావ దాన్ని చొక్కా అంచుతో తుడిచి జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నాడు. ఫోనుని మాత్రం బల్ల మీదుగా అతని వైపు తోశాడు.

"ఇది నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. "ఇందులో మీ అక్క లేదుగా."