తగ్గించిన బరువు

మా ఆయన పందెంలో ఓడిన ప్రతిసారీ పడవకు ఏదో ఒకటి కొత్తది కొంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు గానీ, మద్దెలలు మార్చుకుంటూ పోయేవాళ్ళ గురించి పెద్దలెవరూ చెప్పలేదు.

మాది కాటమరాన్. నీళ్ళమీద తేలే రెండు సన్నటి డొప్పలు, కూర్చోడానికి వాటి మధ్య బిగించిన వలపట్టా, పైన తెరకొయ్యకు కట్టిన తెరచాప. ఇద్దరు నడపాలి. చుక్కాని ఆయనది. నడుముకు పట్టీ కట్టుకుని, తెరకొయ్య నుంచి దిగిన తీగకు వేలాడుతూ నీళ్ళమీదికి వాలి, పడవ ఒరిగిపోకుండా ఆపడం నా పని. ఇంటెడు చాకిరీలో నాదంటూ మిగిలిన చోటు ఆ అంచొక్కటే. అక్కడుంటే నన్ను కాఫీ అడిగేవాళ్ళుండరు.

మొదట కార్బన్ తెరకొయ్య వచ్చింది. తర్వాత పొడుగు చుక్కానులు వచ్చాయి. ఆ పైన నా వంటింటి త్రాసు పట్టుకుపోయి, ఉన్న బోల్టులన్నీ తూచి, బరువు తగ్గుతుందని టైటానియంవి వేయించారు. అయినా ఓడాం. మలుపు దగ్గరికొచ్చేసరికి ఆయనకు కంగారు, అదీ అసలు సంగతి. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, అనలేదు.

ఇక పడవలో తగ్గించడానికేమీ మిగలక నావైపు చూశారు.

"ఏమీ అనుకోకు. ఈసారి మా ఆఫీసు అకౌంటెంటుని తీసుకెళ్తా. మనిషి ఈకలా ఉంటాడు."

"అతనికి తీగమీద నిలబడటం వచ్చా?"

"అదే వస్తుందిలే. బరువు ముఖ్యం."

నాకు ఏడుపొచ్చింది. అది ఆ సంవత్సరానికి ఆఖరి పందెం. ఒడ్డున కూర్చుని చూడబుద్ధి కాక, నిర్వాహకుల సహాయ పడవ ఎక్కాను.

మధ్యాహ్నానికి గాలి లేచింది. మిగతా పడవల్లో బొద్దుగా ఉన్నవాళ్ళంతా తీగలకు హాయిగా వాలి ఉన్నారు. మా ఈకరాయుడు మాత్రం దండెం మీది తువ్వాలులా కొట్టుకుంటున్నాడు. మలుపు దగ్గర మా ఆయన అలవాటు ప్రకారం కంగారుపడ్డారు. పడవ పక్కకు పడుకుంది.

పడిన కాటమరాన్‌ను లేపాలంటే కింది డొప్పమీద నిలబడి, పై డొప్పకు కట్టిన తాడు పట్టుకుని వెనక్కి వాలాలి. మనుషుల బరువే దాన్ని లేపాలి. ఇద్దరూ వాలారు. తెరచాప నీళ్ళలోంచి మూరెడు లేచి మళ్ళీ పడింది. ఎన్నిసార్లు వాలినా అంతే.

"ఏమే, నువ్వు రా!" అని మా ఆయన అరిచారు.

"బయటి సాయం తీసుకుంటే పందెం పోతుందండీ!"

"పోతే పోయింది, రావే!"

దూకి ఈదుకుంటూ వెళ్ళాను. నేనూ తాడు పట్టుకుని వాలేసరికి పడవ బుద్ధిగా లేచి నిలబడింది. ముగ్గురం పైకెక్కాం. మా ఆయన మొహం తుడుచుకుని నవ్వారు.

"గాలి ఇంత ఉంటుందని తెలిస్తే నిన్నే పెట్టుకునేవాణ్ణి. ఇకమీదట గాలి తక్కువుంటే అతను, ఎక్కువుంటే నువ్వు. సరేనా?"

మెచ్చుకుంటున్నాననే అనుకున్నారు, పాపం. తెరచాపలు కూడా అంతే, గాలిని బట్టి మారుస్తారు. నా ఒళ్ళు మండిపోయింది. అకౌంటెంటు నడుముపట్టీ విప్పించి, అతన్ని సహాయ పడవలోకి పంపేశాను. వెళ్ళి చుక్కాని పట్టుకుని కూర్చున్నాను.

"అదేంటి, అది నా చోటు కదా!"

పట్టీ ఆయన ఒళ్ళోకి విసిరాను.

"తీగకు తగిలించుకోండి," అన్నాను. "మీ బరువు అక్కడ కావాలి."