మైదానంలో మిగిలిన కప్పు

మూడు రోజుల సంగీతోత్సవం ముగిసిన మర్నాడు పొద్దున్నే రబ్బరు బూట్లు తొడుక్కుని, ముప్ఫైమంది ఆడవాళ్ళను వెంటేసుకుని వదిన మైదానంలోకి దిగింది. అందరూ చెవులు రిక్కించి నిలబడ్డారు. ఆ నేల మీద పారేసిన కప్పు, తాను పడిన క్షణంలో స్పీకర్లలో ఏది మోగితే దాన్నే సన్నగా పాడుతూ ఉంటుంది. బుట్టలో వేస్తేనే నోరు మూస్తుంది. అందుకే అక్కడ చెత్త ఏరేవాళ్ళు కళ్ళకంటే చెవులనే నమ్ముకుంటారు.

ఉత్సవం నడిపేది ఆవిడ మరిది. అతని నోట విని అందరికీ ఆవిడ వదినే అయిపోయింది.

బొమ్మలు అంటించిన బుట్టలు నూరు పెట్టించింది వదిన. ప్రతి బుట్ట చుట్టూ కప్పులు గుంపుగా పాడుతున్నాయి.

"ఇంత దూరం మోసుకొచ్చారు, ఆఖరి బెత్తెడే బరువైందా వీళ్ళకి?" అని తల బాదుకుంది.

కడిగి వాడుకునే స్టీలు గ్లాసులు పెడదామని ఆరేళ్ళుగా పోరుతోంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"మట్టిలో కలిసిపోయే కప్పులే తెప్పించాగా వదినా!" అన్నాడు మరిది, చల్లగా.

"కలిసిపోయేదాకా ఎవరు వినాలయ్యా ఈ కచేరీ?"

వినాల్సింది మైదానం సొంతదారైన పెద్దావిడ, ఆవిడ ఆవులూ. పోయినేడు పదకొండు కప్పులు మిగిలిపోతే, ఆ గోలకి ఆవులు నెల రోజులు పాలు చేపలేదు. ఈసారి పొద్దుగూకాక ఒక్క కప్పు వినిపించినా ఇక మైదానం ఇవ్వనని తేల్చి చెప్పేసింది. మైదానం పోతే ఉత్సవం పోతుంది, ముప్ఫైమందికీ వదినకీ పని పోతుంది. మరిదికి మాత్రం ఊళ్ళో ఇంకో వ్యాపారం ఉంది.

సాయంత్రానికి నేలంతా సద్దుమణిగింది. ఎక్కడో ఒక్కటి మాత్రం గొణుగుతూనే ఉంది.

"గాలి చప్పుడు వదినా, పదండి పోదాం" అన్నాడు మరిది, కారు తాళాలు ఆడిస్తూ.

వదినకి ఒళ్ళు మండిపోయింది. వేదిక చెక్కల కిందికి పాక్కుంటూ దూరింది. బూజు మొహానికి చుట్టుకుంది, మోచేయి గీరుకుపోయింది. ఆవిడ బయటికి వచ్చేసరికి పెద్దావిడ కర్ర పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. పొద్దు ఇంకా గూకలేదు.

వదిన చేతిలో కప్పు మాట్లాడుతోంది.

"హలో... మైక్ టెస్టింగ్... ప్రియమైన శ్రోతలారా! ఈ నేల మన తల్లి. ఒక్క కప్పు కూడా కింద వేయకండి."

అది మరిది గొంతు. గేట్లు తెరవకముందు, చేతిలో టీ కప్పు పట్టుకుని ఈ ప్రసంగాన్ని వేదిక మీద అతను వల్లె వేయడం అందరూ చూసిందే. కప్పు మళ్ళీ మొదటినుంచీ అందుకుంది. మరిది తాళాలు జేబులో పెట్టేసుకున్నాడు.

పెద్దావిడ రెండోసారి కూడా పూర్తిగా విని, వదిన వైపు తిరిగింది.

"వచ్చే ఏడు కాగితాల మీద నీ సంతకం పెట్టమ్మా. నీకైతేనే ఇస్తాను. ఇతన్ని ఉంచుకుంటావో పంపేస్తావో నీ ఇష్టం."

వదిన కప్పుని బుట్టలో వేసి, మొహం మీది బూజు తుడుచుకుంది.

"ఉంచుకుంటానండీ. ఇన్ని వేల గ్లాసులు కడగడానికి మనిషి కావాలిగా."