పొట్టలో దూది ఉన్నప్పుడు

నేను ఒక టేపు రికార్డరును. ఈ కాలంలో ఆ మాట చెప్పుకోవడం పెళ్లిచూపుల్లో ముసలివాడు వయసు చెప్పుకున్నట్టే ఉంటుంది, అయినా చెప్పక తప్పదు. ఎక్కడో పుట్టి, చేతులు మారి, నంద్యాలలో పరుపులు కుట్టే కాశింసాబు కొట్టుకు చేరాను. ఆయన దూది ఏకుతూ పాటలు వినేవాడు. ఆ దూది నూగు గాలిలో తేలివచ్చి, మెల్లగా నా పొట్టలోకి దిగి, చక్రాలకు చుట్టుకుంది. నా నడక మందగించింది. ఏ టేపు వేసినా పాట కాస్త బరువుగా సాగేది. ఆయన దానికే అలవాటు పడ్డాడు. బాగుచేయించే తీరిక ఆయనకూ లేదు, బాగుపడాలన్న తొందర నాకూ లేదు.

ఆయన కూతురు మాబున్నిది బరువైన గొంతు. చిన్నప్పటి నుంచీ ఆ దూది దుమ్ములోనే పెరిగింది కదా. గిటారు వాయించే శేషఫణి, డ్రమ్ములు కొట్టే ఓబులేసు ఆమెతో కలిసి 'పత్తిగింజ' అని ఒక రాక్ బ్యాండు పెట్టారు. సాధనకు మా కొట్టు గోడౌనును మించిన చోటు ఊళ్లో లేదు. పత్తి మూటలు ఎంత చప్పుడునైనా మింగేస్తాయి, వీధిలోవాళ్లు తిట్టరు. శుక్రవారం నమాజుకు కొట్టు మూసినప్పుడు వాళ్లు పాడుకునేవారు. జేబులో ఫోను పెట్టుకుని కూడా ఫణి నన్నే ముందుకు లాక్కున్నాడు. ఫోన్లో పాట చల్లారిపోతుందట, టేపులో వెచ్చగా ఉంటుందట. ఎవరి పిచ్చి వారికి ఆనందం. వాళ్ల తొలి పాటలన్నీ అలా నాలోనే రికార్డయ్యాయి.

మెల్లగా నడిచే యంత్రంలో నింపిన పాట మళ్లీ ఆ యంత్రంలోనే సరిగ్గా పలుకుతుంది. ఫణి ఆ టేపును హైదరాబాదులో ఒక మంచి యంత్రంలో వేసి నెట్‌లోకి ఎక్కించాడు. అక్కడ పాట పరుగందుకుంది. మాబున్ని గొంతు సన్నబడి, పిట్ట గొంతై కూర్చుంది.

"ఇది నా గొంతు గాదన్నా" అంది మాబున్ని, అతని ఫోన్లో విని.

టేపులో ఎవరి గొంతు వాళ్లకు కొత్తగానే ఉంటుందని ఫణి కొట్టిపారేశాడు. తన గిటారు శ్రుతి కూడా పైకి జరిగిందని అతనికి తెలియకపోలేదు. వినడానికి బాగుంది కదా అని ఊరుకున్నాడు.

బాగుందని లోకం కూడా అంది. సీమ నుంచి వచ్చిన గాజుగొంతు అన్నారు. నా ముసలి మోటారు గురగుర మీద ఒకాయన ఏకంగా వ్యాసమే రాశాడట. హైదరాబాదులో ఒక పాటల కంపెనీ వాళ్లను పిలిచి వేదిక ఎక్కించింది. మాబున్ని గొంతు విప్పగానే జనం టేపులో పాడిన ఆ అమ్మాయి రాలేదా అని అడిగారట. టేపులోలాగే పైకి పాడమని కంపెనీవాళ్లు పట్టుబట్టారు. పాడీ పాడీ ఆమె గొంతు వాచిపోయింది. ఇక సన్నగొంతున్న ఇంకో పిల్లను వెతుక్కుంటామన్నారు. ఇదంతా ఓబులేసు వచ్చి కాశింసాబుకు చెబుతుంటే విన్నాను.

మాబున్ని ఇంటికొచ్చి, పత్తి మూటకు చేరగిలబడి, వెంట తెచ్చుకున్న ఆ టేపు నాలో వేసింది. ఆమె గొంతే వచ్చింది, నిండుగా, బరువుగా. కాశింసాబు కుట్టే సూది ఆపి విన్నాడు. ఆమె ఏడ్చింది, నవ్వింది. ఇది వినిపిస్తే టేపులో పాడింది తనేనని కంపెనీవాళ్లే నమ్ముతారని నన్ను గుడ్డలో చుట్టి హైదరాబాదు బస్సెక్కింది. దారి పొడవునా ఒళ్లోనే పెట్టుకుంది. నా బతుకులో అంత మర్యాద ఎన్నడూ ఎరగను.

కంపెనీ ఆఫీసులో ఆమెను బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి తీసుకెళ్లారు. అక్కడి మెకానిక్ మంచివాడు. పాత సరుకు పదిమంది ముందు మొరాయించకూడదని నన్ను విప్పి, పొట్టలోని దూదంతా లాగి బల్ల మీద పెట్టి, నూనె వేశాడు. పుట్టినప్పుడు కూడా నేనంత తేలిగ్గా తిరగలేదు.

కంపెనీలోనే ఉండిపోయిన ఫణితో సహా అందరూ ఆ బల్ల చుట్టూ కూర్చున్నాక, మాబున్నిని లోపలికి పిలిచారు. ఆమె మీట నొక్కింది. పిట్ట గొంతు వచ్చింది.

"ఇంట్లో ఇట్లా పాడలే" అంది ఆమె. "దీంట్లోనే ఇన్యా. మా నాయన గూడా ఇన్నాడు."

ఎవరో జాలిగా మంచినీళ్లు అందించారు. ఫణి చూపు బల్ల మీది దూది ఉండ మీద పడింది. నన్ను చూశాడు, ఆమెను చూశాడు. అతను సంగీతం తెలిసినవాడు, అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది? నోరు తెరిచాడు. ఒక్క మాట అంటే చాలని నేను ఆశపడ్డాను. అతను ఆ ఉండను గుప్పిట్లోకి తీసుకుని, చెయ్యి బల్ల కిందికి దించుకున్నాడు.

"ఇది గూడా మీరే పెట్టుకోండి" అని నన్ను వాళ్ల వైపు నెట్టి మాబున్ని వెళ్లిపోయింది. నేను కూడా మోసం చేశాననుకుంది. నాకు ఆ బాధ ఇప్పటికీ తీరలేదు.

ఇప్పుడు ఆ ఆఫీసు గుమ్మంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. 'పత్తిగింజ' తొలి పాటలు పుట్టిన యంత్రమని నా కింద రాసిపెట్టారు. వచ్చినవాళ్లు నాతో ఫొటోలు దిగుతారు. ఫణి మాత్రం తల తిప్పుకుని లోపలికి పోతాడు. ఎవరైనా పెద్దలొస్తే పెట్టె తెరిచి నా మీట నొక్కుతారు. నేను చక్కగా, తప్పు లేకుండా తిరుగుతాను, ఆ పిట్ట గొంతే పలుకుతాను. మళ్లీ ఒక చిటికెడు నూగు చేరితే బాగుండునని నా ఆశ. కానీ అద్దాల పెట్టె కదా, దుమ్ము కూడా రాదు.