చెక్కలో వెండి

నాలుగేళ్లుగా నాంపల్లిలోని ఆ కాలేజీ ల్యాబులో చెక్కముక్కలతో కుస్తీ పడుతోంది జెర్లిన్. ఏడాది కిందట చేరిన కీర్తికి పని నేర్పిందీ తనే. వెండి లవణం కలిపిన నీళ్లలో చెక్కను నానబెట్టి వేడిచేస్తే, చెక్కలోని సన్నటి గొట్టాలే అచ్చులై, కంటికి ఆనని వెండి రేణువులు తయారవుతాయి. "లేత రంగుంటే రేణువులు సన్నగ వచ్చినట్టు. నల్లబడితే ముద్దలు కట్టినట్టు. యాదుంచుకో," అని మొదటి రోజే చెప్పింది.

చెప్పిన నోటితోనే ఇప్పుడు గోళ్లు కొరుక్కుంటోంది. ల్యాబు నడిపే గోపాలరావు సార్ ఇద్దరి ముక్కలనూ పెద్ద మైక్రోస్కోపు పరీక్షకు పంపుతున్నారు. ఎవరిది బాగుంటే పరిశోధన పత్రంలో మొదటి పేరు వాళ్లది. కీర్తి ఏం చేసినా "భలే అమ్మా!" అనే సార్, జెర్లిన్ చేస్తే "ఊఁ" అంటారు. ఆ "ఊఁ" వింటే ఒళ్లంతా కారం రాసుకున్నట్టుండేది.

ఆ మధ్యాహ్నం కీర్తి ఏదో కొనాలని అబిడ్స్‌కు వెళ్లింది. బల్లమీద రెండు ముక్కలూ ఉన్నాయి. జెర్లిన్‌ది పాలెక్కువైన చాయ్ రంగులో వెలవెలబోతోంది. కీర్తిది ముదురుగా నిగనిగలాడుతోంది. అసూయకు కళ్లుండవు. తను చెప్పిన పాఠం తనకే గుర్తురాలేదు. రబ్బరుతో పెన్సిలు పేర్లు చెరిపి, తారుమారు చేసి రాసేసింది.

వారం తర్వాత ముక్కలూ వాటి ఫొటోలూ వచ్చాయి. జెర్లిన్ పేరున్నదాంట్లో అన్నీ ముద్దలే. కీర్తి పేరున్నదాంట్లో గొట్టాల వెంబడి ఆవగింజల్లా వరుసకట్టిన రేణువులు.

"భలే అమ్మా కీర్తీ!" అన్నారు సార్.

మొదటి రోజు తను చెప్పిన పాఠం జెర్లిన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. నాలుగేళ్ల కష్టాన్ని తన చేత్తోనే కీర్తికి ధారపోసింది. నాదని అడగాలంటే చేసిన పని ఒప్పుకోవాలి.

కీర్తి ముక్కలను తిప్పి తిప్పి చూసింది. "ఇది నాది కాదు సార్. వడ్రంగి రామచందర్ కోసిచ్చినప్పుడే నా ముక్కకు మూల పెచ్చు లేచింది. ఇదిగో పెచ్చు, ముద్దలు కట్టిందే నాది. పేర్లు నేనే తప్పు రాసుంటాను," అంది, జెర్లిన్ వైపు చూడకుండా.

"అయితే భలే అమ్మా జెర్లిన్!" అన్నారు సార్.

నాలుగేళ్లు ఎదురుచూసిన మాట. అది చెవికెక్కలేదు. "సార్, గా పేర్లు..." అని నోరు తెరిచింది జెర్లిన్.

"పోనీలే అక్కా, చాయ్‌కి వెళ్దాం పద," అని కీర్తి చెయ్యి పట్టుకుంది.

మంచితనంలోనూ ఈ పిల్లే ముందు, అనుకుంది జెర్లిన్. ఇక కీర్తి దగ్గర లాక్కోవడానికేమీ మిగల్లేదు. అయినా జెర్లిన్ కడుపుమంట చల్లారలేదు.