మందిరం బోరు

మా మనవడికి విరేచనాలు పట్టుకున్నప్పటి నుంచి నా భార్య ఎలీషబాకు నయీమ్ మీద అనుమానం. నయీమ్ మా వీధి చివర నీళ్ళ ప్లాంటు నడుపుతాడు. పిల్లవాడికి మూడో నెల. మా కూతురు హెప్సిబాకు పాలు చాలక, ఆ ప్లాంటు క్యాన్ నీళ్ళతో పోతపాలు కలిపి పడుతున్నాం.

"క్యాన్లో ఏం కలుపుతాడో ఎవరు చూసినారు? మందిరం బోరు ఉంది గదా, పాస్టరయ్యగారు ప్రార్థన చేసి తెరిచినారు" అంది ఎలీషబా.

ఆ నీళ్ళే తెచ్చి, కషాయం మాదిరి సగమయ్యేదాకా మరగబెట్టి పాలపొడి కలిపేది. విరేచనాలు తగ్గాయి. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాం. కానీ నాలుగు రోజులకే పిల్లవాడి పెదాలు, గోళ్ళు నీలంగా మారాయి.

"ఆ క్యాన్ నీళ్ళ విషం ఇంకా పోలే" అని ఇంకాసేపు మరగబెట్టింది.

నయీమ్ నన్ను దారిలో ఆపాడు. "ఏంది మామా, అత్త వీధంతా నన్ను తిట్టుకుంటా తిరుగుతాందంట? నా నీళ్ళు టెస్టుకు పంపు. మీ బోరువి కూడా పంపు."

తప్పు చేసినోడికి ఇంత ధైర్యమా అనుకున్నాను.

ఆ సాయంత్రం పిల్లవాడికి ఏడ్చే ఓపిక కూడా పోయింది. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. సూదిలోకి వచ్చిన రక్తం చాక్లెట్ రంగులో ఉంది. డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టి, మందు ఎక్కించి, ఏ నీళ్ళతో పాలు కలుపుతున్నారని అడిగింది.

"బాగా మరగబెట్టినవేనమ్మా" అంది ఎలీషబా.

"మరగబెడితే క్రిములు చస్తాయి, చంటిబిడ్డల రక్తాన్ని ఇట్లా చెడగొట్టే నైట్రేట్ పోదు. నీళ్ళు సగమైతే అది రెండింతలు చిక్కబడుతుంది."

రెండు సీసాలు పరీక్షకు పోయాయి. నయీమ్ నీళ్ళు మంచివే. మందిరం నీళ్ళలోనే నైట్రేట్ మితిమీరి ఉంది. బోరు పక్కనే మరుగుదొడ్ల గుంత, దాని మురుగే నేలలో ఇంకి బోరులోకి దిగుతోంది. అందరం చూస్తూనే ఉన్నాం, ఎవరికీ అనుమానం రాలేదు.

పిల్లవాడి పెదాలు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఎలీషబా తనే ప్లాంటుకు పోయింది.

"విషం కలిపిన క్యానా, కలపని క్యానా అత్తా?" అన్నాడు నయీమ్.

"ఇయ్యి నాయనా" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక, మా సంఘంలోని మేరీ చంటిబిడ్డను చంకనేసుకుని బోరు కింద బిందె పెట్టింది. నేను పోయి కొళాయి కట్టేశాను.

"ప్రార్థన చేసిన నీళ్ళ మీద అనుమానమేంది?" అన్నారు అయ్యగారు.

"ప్రార్థన మీద కాదయ్యగారూ, ఆ గుంత మీద."

ఆయన గుంత వైపు చూశారు. నేను ఖాళీ బిందె ఎత్తుకుని, మేరీని వెంటబెట్టుకుని నయీమ్ ప్లాంటు దారి పట్టాను.