చిన్నాయన నీడ

పొద్దున్నే ఈరక్క ఇంటి ముందు బండల మీద ఎండుమిరపకాయలు పోసిందంటే, ఆమె మొగుడు ఓబుళేశు గోడ వారగా నడవాల్సిందే. పాపం, ఆయన కాళ్లతో ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఆయన నీడతోనే.

"ఏమయ్యా, నీ నీడను అవతల పెట్టుకో. కొమ్ములతో కాయలన్నీ కెలుకుతాండాది" అని ఈరక్క చీపురు చూపించేది. నీడ భయపడి గోడెక్కేది.

మనిషి చూస్తే పొట్టి, బొజ్జ, పైగా మోకాళ్ల నొప్పులు. నీడకు మాత్రం చేటంత చెవులు, నెత్తిన రెండు కొమ్ములు, వాటి చివర నిమ్మకాయలంత గుండ్లు. బేతంచెర్లలో దాన్ని వింతగా చూసేవాళ్లెవరూ లేరు. బడిపిల్లలు పోతూ పోతూ దాని చెవులు తొక్కేవాళ్లు. ఓబుళేశు పనిచేసే నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీ కేశవ, "ఏమప్పా ఓబుళేశూ, నీ చిన్నాయనకు కూడా హాజరు వేయల్నా?" అని ఎగతాళి చేసేవాడు.

ఆ నీడ పాత టీవీ సీరియల్‌ది. పేరు 'చుక్కల చిన్నాయన'. వేరే లోకం జీవి ఒకటి సంసారుల పెరట్లో ఊడిపడుతుంది. ఆ ఇంటి చిన్నపిల్ల దాన్ని చిన్నాయనా అని పిలుస్తుంది. ఇక ఆ ఇంట్లో నానా గలాటా. ఆదివారం అది వచ్చే వేళకు బజార్లు ఖాళీ అయ్యేవి. స్పాంజితో కుట్టిన ఆ పచ్చని వేషం లోపల గంతులేసింది ఓబుళేశే. వీధినాటకాల్లో కోతివేషం కట్టే ఆయన్ని, పొట్టిగా ఉన్నాడని హైదరాబాదుకు తీసుకుపోయారు. గొంతు ఇంకెవరిదో పెట్టారు. ముఖం ఎటూ కనపడదు. తెర మీద వేసే పేర్లలో ఆయన పేరూ వేయలేదు. సీరియల్ అయిపోయాక వేషం విప్పి ఊరికొచ్చాడు. నీడ మాత్రం విడవలేదు.

పేరు వేయనందుకు ఆయనకు పెద్ద దిగులు లేదు. ఉన్న దిగులంతా ఆ సీరియల్లో చేసిన పాప గురించే. యామిని. అమ్మ కావాలని ఏడ్చి ఏడ్చి, షాటుకూ షాటుకూ మధ్య ఆ స్పాంజి రొమ్ము మీద, పెద్ద చెవి ఒకటి పిడికిట్లో పట్టుకుని నిద్రపోయేది. పాప బెదురుతుంది, ఆమె ముందు తల తీయొద్దు, నోరు తెరవొద్దు అని అప్పటి డైరెక్టరు ఒట్టు వేయించుకున్నాడు. ఉక్కకు కళ్లు తిరుగుతున్నా ఓబుళేశు తల తీయలేదు. చివరి రోజు, "లోపల ఎవరున్నారు?" అని పాప అడిగింది. ఎవరూ లేరన్నట్టు తలాడించి వచ్చేశాడు. తను పోయేలోగా ఆ పిల్ల తన ముఖం ఒక్కసారి చూస్తే చాలు. ఆయనకు ఇంకే కోరికా లేదు.

ఇప్పుడు ఆ యామినే డైరెక్టరయింది. అదే చుక్కల చిన్నాయనను ఇంటిల్లిపాదీ నవ్వుకునే సినిమాగా మళ్లీ తీస్తోంది. షూటింగు బనగానపల్లె మామిడితోటల్లో అని కేశవ ఫోన్లో చూపించిన నాటినుంచి నీడకు నిలకడ పోయింది. ఆయన కూర్చుంటే అది లేచి నిలబడేది. పొద్దు తూర్పున ఉన్నా తూర్పుకే సాగేది, బనగానపల్లె అటే కదా. ఆయనకూ సంగటి ముద్ద గొంతు దిగేది కాదు. పాలిష్ అయిపోయిన బండనే మళ్లీ మళ్లీ పాలిష్ పట్టేవాడు.

"పోయి రారాదా" అంది ఈరక్క. "నువ్వూ నీ నీడా కాలుకాలిన పిల్లుల మాదిరి తిరుగుతాంటే నాకు తలనొప్పి వస్తాండాది."

"పోయి ఏమని చెప్పేది? ఈ మోకాళ్లకు ఎవరిస్తారు వేషం?"

"వేషం అడగాకు. ముఖం చూపించి రా."

తోట దగ్గరకు చేరేసరికి ఎండ మాడిపోతోంది. తాడు కట్టి కాపలా ఉన్న మహానంది, "యాడికప్పా పోతాండావు? లోపలికి పోనీరు" అన్నాడు. తర్వాత కింద నీడను చూశాడు. "ఓ, నువ్వా? పో పో" అని తాడెత్తాడు.

ఓబుళేశు మామిడిచెట్టు కింద చేరాడు. చెట్టునీడలో తన నీడ కనపడదని ధైర్యం. ఎదురుగా రాతి ఇల్లు, తీసిన తలుపులు, లోపల షూటింగు. హర్షవర్ధన్ అనే డాన్సరు ఒంటినిండా తెల్లచుక్కలున్న బిగుతు బట్టలేసుకుని గంతులేస్తున్నాడు. చిన్నాయన రూపం తర్వాత కంప్యూటర్లో తొడుగుతారట. వాణ్ణి చూసి పాప వేషం వేస్తున్న సుప్రజ నవ్వాలి. ఆ పిల్ల నవ్వడం లేదు. చక్కిలిగింతలు పెట్టినా నవ్వడం లేదు.

"మళ్లీ" అంది యామిని. నలిగిన చొక్కా, నిద్రలేని కళ్లు. "మళ్లీ."

ఓబుళేశు మామిడికొమ్మ పక్కకు నెట్టి చూశాడు. ఎంత పెద్దదయిందో! ఆమె మనసులో ఉండే చిన్నాయన ఏడ, ఈ బొజ్జ ముసలోడు ఏడ. చూస్తే ఉన్నదీ పోతుంది. ఒట్టు ఒట్టుగానే ఉండనీ అనుకుని వెనక్కి తిరిగాడు. రెండడుగులు వేసి ఎండలోకి వచ్చాడో లేదో, నీడ తిరగనంది.

నడిమధ్యాహ్నం, అందరి నీడలూ కాళ్ల కింద ముడుచుకున్న వేళ, ఆయనది వాకిలి పొడుగునా సాగి, గడప దాటి, లోపలి బండల మీదికి పోయింది. సుప్రజ కాళ్ల దగ్గర ఎగిరి గంతేసింది. కొమ్ములూపింది. చెవులతో తన ముఖం తనే మూసుకుని, తెరిచింది. సుప్రజ పడీపడీ నవ్వింది.

"ఎవరిదప్పా ఆ నీడ, ఫ్రేములోకి వస్తాండాది!" అని లైటతను విసుక్కున్నాడు.

యామిని వచ్చి బండ మీద కూలబడి, ఆ నీడ చెవిని పిడికిట్లో పట్టుకుంది. ఇన్నాళ్లుగా కుదురు లేని నీడ కదలకుండా ఉండిపోయింది. కాసేపటికి ఆమె లేచి, చెవి నుంచి మెడ, మెడ నుంచి నడుము, నీడ వెంబడే నడుచుకుంటూ ఎండలోకి వచ్చింది. అరిగిన చెప్పుల దగ్గర ఆగింది.

ఓబుళేశు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అలవాటు.

ఆమె ఆ చేతులు పట్టుకుని మెల్లగా కిందికి దించింది. చూసింది. నెరిసిన మీసం, గుంటలు పడిన బుగ్గలు, కారుతున్న కళ్లు, అన్నీ తనివితీరా చూసింది. ఆమె కళ్లూ నిండాయి. ఎప్పుడు వచ్చిందో గాని నీడ వెనక్కి వచ్చి ఆయన కాళ్ల కింద పడుకుంది. కొమ్ములు లేవు, చెవులు లేవు. పొట్టి మనిషి నీడ, అంతే. ఆయన దాన్ని గమనించలేదు.

"నీ పేరేంటి చిన్నాయనా?"

మొదటిసారి గొంతు పెగల్లేదు. ఆమె ముందు మాట్లాడటం ఇదే మొదలు.

"ఓబుళేశు" అన్నాడు రెండోసారికి.